ఆపత్కాలమున దైవకృపావలంబనము

సుఖదినములయందు దేవుఁడు దయామయుఁ డని కొనియాడుట సులభము. పంట యింటికి వచ్చినప్పుడును, బిడ్డ రోగవిముక్తుఁ డయినప్పుడును ఆ మాట ప్రయత్నము లేకయే నోట వెడలును. ఇల్లు దగ్ధమయినప్పుడును, కన్నబిడ్డ మరణించినప్పుడును అదే మాటను మనస్సాక్షిగాఁ బలుకఁగలవా రెందఱు? దుఃఖములో దైవమును దూషింపక, లేని సంతోషమును నటింపక, కృపయందు నమ్మిక నిలుపుకొనుట యెట్లు? క్రైస్తవభక్తులలో నొకని జీవితము నరసినచో నీ ప్రశ్నకుఁ గొంత సమాధానము లభించును.

ఆయన విలియము కేరీ. ఇంగ్లండునఁ జెప్పులు కుట్టి జీవించి, పిదప బోధకుఁడై, 1793 వ సంవత్సరమున భార్యాపుత్రులతో వంగదేశమునకు వచ్చెను. మఱుసటి సంవత్సరము ముద్నాబాటి యను పల్లెలో నీలిమందు కర్మాగారమును విచారించుచుండఁగా, ఐదేండ్ల కుమారుఁడు పీటరు మృతుఁ డయ్యెను. ఆ పిమ్మట భార్యయైన డొరతీకి మతి చలించెను. ప్రక్కగదిలో నామె యుద్రేకముతో నఱచుచుండఁగా నాయన భాషాంతరీకరణము చేయుచుండెను. 1807 వ సంవత్సరమున మరణించువఱకు నామెకు స్వస్థత కలుగలేదు.

1800 వ సంవత్సరమునఁ గేరీ శ్రీరామపురము చేరి, జాషువా మార్ష్‌మన్, విలియము వార్డు అను సహచరులతో ముద్రణాలయమును స్థాపించెను. 1812 వ సంవత్సరము మార్చి 11 వ తేది సాయంకాలమున నచ్చటి కాగితముల గదిలో నిప్పంటుకొనెను. వార్డు తలుపులును గిటికీలును మూయించి, పైకప్పునుండి నీరు పోయించి మంట నడఁచుచుండఁగా, ఎవరో యొక కిటికీ తెఱచిరి. గాలి సోఁకి యగ్ని ప్రజ్వరిల్లెను. ఎవరికిని బ్రాణహాని కలుగలేదు. కాని పదునాలుగు ప్రాచ్యభాషల యక్షరములు కరఁగిపోయెను. వ్రాఁతప్రతులు బూడిద యయ్యెను. వానిలో కేరీ రచించిన తెలుఁగు వ్యాకరణమును, కన్నడ క్రొత్త నిబంధనమును, అనేక వర్షముల పరిశ్రమతో సంస్కృతాది భాషలకుఁ గూర్చుచుండిన బృహన్నిఘంటువును ఉండెను. అప్పుడు కలకత్తాలో నధ్యాపకత్వము నెఱపుచుండిన కేరీకి మఱునాఁటి యుదయమున మార్ష్‌మన్ స్వయముగాఁ బోయి యీ వార్త తెలిపెను.

ఈ చరిత్రమునుండి మనము గ్రహింపఁదగిన విషయములు నాలుగు.

మొదటిది: కృపను నమ్మినవాఁడు దుఃఖింపరా దను నియమము లేదు. పొగలు వెడలుచున్న శిథిలముల నడుమ నిలిచి కేరీ కన్నీరు పెట్టుకొనెను. లాజరు సమాధియొద్ద యేసు సయితము కన్నీరు విడిచిన ట్లు యోహాను సువార్త తెలుపుచున్నది. కావున శోకము నమ్మికకు శత్రువు కాదు. శోకమును దాఁచి ధైర్యవంతుఁ డనిపించుకొనఁ గోరుటయే కపటము.

రెండవది: ఆపదకుఁ గారణమును మనము కల్పింపరాదు. ఇది ఫలాన పాపమునకు శిక్ష యని యొకఁడును, ఇది రాఁబోవు భాగ్యమునకు సూచన యని వేఱొకఁడును జెప్పుట లోకమునఁ గలదు. యోబు స్నేహితులు ఏడుదినములు మౌనముగాఁ గూర్చుండి యోదార్చిరి. నోరు తెఱచి కారణములు వివరించిన తోడనే యాతని గాయపఱచిరి. కేరీ యట్టి వ్యాఖ్యానమునకుఁ బూనుకొనలేదు. ఆయన నలువదియాఱవ కీర్తనము నాధారము చేసికొని, మనలను దన యిచ్ఛ చొప్పున నడపుటకు దేవునికిఁ గల యధికారమును, నెమ్మదితో దానికి లోఁబడుట మనకుఁ గల ధర్మమును బోధించెను.

మూఁడవది: లోఁబడుట యనఁగాఁ జేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. శిథిలములను ద్రవ్వఁగా, అక్షరముల పోఁతకు మూలమైన యుక్కు ముద్రలు చెడక దొరకెను. అచ్చుయంత్రములు దక్కెను. కొలఁదిదినములకు ముందే ఖాళీ యయిన గిడ్డంగి యొకటి సమీపముననే యుండెను. కరఁగిన లోహమును మరలఁ బోసి, పనివాండ్రు రాత్రింబవళ్లు శ్రమించి క్రొత్త యక్షరములు సిద్ధపఱచిరి. ఒకసారి నడచిన త్రోవను రెండవసారి నడచుట సులభతర మని కేరీ స్వదేశమునకు వ్రాసెను. వార్త చేరిన రెండుమాసములలోపలనే బ్రిటనునఁ బ్రజలు సుమారు 10,000 పౌనులు ప్రోగుచేసిరి. తెలుఁగు వ్యాకరణము మరల వ్రాయఁబడి 1814 వ సంవత్సరమునను, తెలుఁగు క్రొత్త నిబంధనము 1818 వ సంవత్సరమునను శ్రీరామపురముననే యచ్చుపడెను. కృప యాకాశమునుండి యూడిపడలేదు. అనేకుల హస్తములద్వారా వచ్చెను.

నాలుగవది యన్నిటికంటెఁ గఠినమైనది. నష్టమైన దంతయుఁ దిరిగి రాలేదు. బృహన్నిఘంటువు మఱి యెన్నఁడును వెలువడలేదు. పీటరు తిరిగి రాలేదు. డొరతీకి బుద్ధి మరలలేదు. పోయినది తిరిగి వచ్చుటయే కృపకుఁ బ్రమాణ మయినచో, ముద్రణాలయమునకుఁ గృప గలదనియు, ఆ దీనురాలికి లేదనియుఁ జెప్పవలసి వచ్చును. అట్లు చెప్పుటకు మన హృదయ మొప్పునా? ఇచ్చినప్పుడు నమ్ముటయు, ఈయనప్పుడు మానుటయు వర్తకమే కాని విశ్వాసము కాదు.

మఱియు నొక సందేహము. నమ్ముటకైన మనశ్శక్తి లేనివారి గతి యేమి? మన పెద్దలు మర్కటకిశోరన్యాయ మనియు, మార్జాలకిశోరన్యాయ మనియు రెండు దృష్టాంతములు చెప్పుదురు. కోఁతిపిల్ల తల్లిని బట్టుకొనును. పిల్లికూనను దల్లియే పట్టుకొనును. కేరీ తన శక్తికొలఁది పట్టుకొనెను. డొరతీ పట్టు సడలెను. కాని క్రైస్తవులు చెప్పు కృప మన పట్టుపై నాధారపడినది కాదు. తప్పిపోయిన గొఱ్ఱె కాపరిని వెదకదు. కాపరియే దానిని వెదకును. క్రీస్తు చెప్పిన యీ యుపమానము, పట్టు సడలినవారి కొఱకే చెప్పఁబడినట్లు తోఁచుచున్నది.

చదువరులారా! ఆపద మీ యింటికి వచ్చినచో, విశ్వాసము బలహీన మయ్యె నని మిమ్మును మీరు నిందించుకొనకుఁడు. ఏడ్వవలసినప్పుడు ఏడ్వుఁడు, మిగిలినదానిని వెదకుఁడు, నేఁడు చేయఁదగిన యొక్క పనిని జేయుఁడు. పొరుగువానికి వచ్చినచో, కారణములు చెప్పఁబోవక, వాని చెంతఁ గూర్చుండి, వాని పొయ్యిమీఁద నన్నము వండి పెట్టుఁడు. దేవుఁడు దయామయుఁ డను మాట నట్టివాఁడు పుస్తకమునుండి కాక మీ చేతినుండి తెలిసికొనును.