పాట వాళ్లది, వాయింపు మాది

ఇంగ్లండులో పింక్ ఫ్లాయిడ్ పాటలు తప్ప మరొకటి ముట్టని ఒక ట్రిబ్యూట్ బ్యాండులో నేను కీబోర్డు వాయిస్తాను. పుట్టింది సికింద్రాబాద్. వారమంతా మందుల షాపులో ఉద్యోగం, శనివారం వస్తే ఏదో ఒక ఊరి టౌన్ హాల్లో, ఫ్లాయిడ్ కీబోర్డు వాద్యకారుడు రిక్ రైట్ వాయించిన భాగాలు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాను. ఇప్పుడు స్టేజీ లైట్లు నా నెత్తిమీద మెరుస్తున్నాయని మా డ్రమ్మరు ఏడిపిస్తుంటాడు. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి కుర్రాళ్లు ఫోను చేసి, "మేమూ ఇలాంటి బ్యాండు పెడదామనుకుంటున్నాం అంకుల్, ఏం చూసుకోవాలి?" అని అడుగుతుంటారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసిపెడుతున్నాను.

1. జనం వచ్చేది మీ కోసం కాదు

హాలు నిండగానే పొంగిపోకండి. పింక్ ఫ్లాయిడ్ చివరి టూరు 1994 అక్టోబరులో లండన్ ఎర్ల్స్ కోర్టులో ముగిసింది. ఆ తర్వాత గిల్మర్, వాటర్స్, మేసన్, రైట్ నలుగురూ ఒకే స్టేజీ మీద కనబడింది 2005 జులైలో, హైడ్ పార్కులో జరిగిన లైవ్ 8 కచేరీలో. అదీ నాలుగు పాటలకే. 2008లో రైట్ పోయాడు. ఇక ఆ నలుగురినీ కలిపి చూసే యోగం ఎవరికీ లేదు. మా టికెట్లు అమ్ముడయ్యేది ఆ లోటు వల్లే. పోస్టరు మీద మా పేర్లు చిన్నక్షరాల్లో కూడా ఉండవు. దానికి మనసు ఒప్పుకోకపోతే ఈ పనిలోకి రాకండి.

కచేరీ అయ్యాక బయట ఒక పెద్దాయన నిలబడి ఉంటాడు. ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. డెబ్బైల్లో అసలువాళ్లను చూసినవాడు. చెయ్యి కలిపి, చాలా బాగుందంటూనే, ఫలానా పాటలో ఆర్గన్ కాస్త ఎక్కువైందని చెప్పి పోతాడు. ఆయన మాట వినండి. చాలాసార్లు ఆయన చెప్పిందే నిజం.

2. స్వరం దొరికితే పాట దొరికినట్టు కాదు

'ఎకోస్' 1971 నాటి పాట, దాదాపు ఇరవై మూడు నిమిషాలు. ఒక్క 'టింగ్'తో మొదలవుతుంది. ఆ స్వరమేదో సంగీతం నేర్చే పిల్లలు నిమిషంలో కనిపెడతారు. కానీ అదే స్వరం మామూలు కీబోర్డు మీద నొక్కి చూడండి, ఏమీ జరగదు. రైట్ పియానో మీద పైస్థాయిలో ఆ స్వరం మీటి, మైకుతో పట్టి, లెస్లీ స్పీకరులోకి పంపాడు. లెస్లీ అంటే చెక్కపెట్టెలో కొమ్ము గిరగిరా తిరుగుతూ శబ్దాన్ని ఊపే స్పీకరు, మామూలుగా హామండ్ ఆర్గన్‌కి తగిలిస్తారు. కొమ్ము ఎంత వేగంతో తిరగాలి, వేలు ఎంత మెత్తగా పడాలి, ఎకో ఎంతసేపు నిలవాలి, ఇవన్నీ ఒకచోట కలిస్తేనే హాల్లో వెయ్యిమంది ఒక్కసారి ఊపిరి బిగబడతారు. దానికోసం వారాల తరబడి ముందుగదిలో కూర్చుని అదొక్కటే నొక్కాను. ఇప్పటికీ మైక్రోవేవ్ మోగితే మా ఆవిడ "మీ పాట మొదలైంది, వెళ్లండి" అంటుంది.

అసలు మినీమూగ్, అసలు ఫర్ఫీసా లాంటి ఆ కాలపు కీబోర్డులుంటే తప్ప వాయించం అని పట్టుబట్టే బృందాలున్నాయి. వాటిని కొనే స్తోమత, వ్యానులోకి ఎత్తే నడుము నాకు లేవు. ఆ శబ్దాలన్నీ లాప్‌టాప్‌లో పెట్టుకున్నాను. నాలుగో వరస దాటాక తేడా పట్టే చెవులు తక్కువే.

3. ఏడులోకి తిరిగి రావడం నేర్చుకోండి

'మనీ' ఏడు దెబ్బల లెక్కలో నడుస్తుంది. అమ్మ సంగీతం పాఠాలు చెబుతుంటే మిశ్రచాపు వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి ఏడంటే నాకు బెదురు లేదు. మా ఇంగ్లీషు డ్రమ్మరు మాత్రం మొదట్లో పెదాలు కదుపుతూ లెక్కపెట్టేవాడు. చిల్లర గలగల, గల్లాపెట్టె చప్పుడు లాంటివి టేపు కొలిచి కోసి అతికించిన లూపుతో పాట మొదలవుతుంది. బేస్ గిటారు దానిమీద ఎక్కాలి. మా లూపు యంత్రంలోంచి వస్తుంది, ఎవరికోసమూ ఆగదు. డ్రమ్మరు చెవిలో అది సరిగ్గా వినబడకపోతే రెండో ఆవర్తనానికే తలో దారి పడతారు.

సాక్సఫోన్ సోలో అంతా ఏడే. గిటారు సోలో రాగానే నాలుగుకి మారుతుంది, అందరికీ ప్రాణం లేచొస్తుంది, ఒళ్లు మరిచి ఊగుతారు. ఆ హాయిలోంచి మళ్లీ ఏడులోకి దిగే చోటే బ్యాండ్లు కుప్పకూలేది. పాటంతా పదిసార్లు వాయించే బదులు ఆ మలుపు ఒక్కటే వందసార్లు చేయండి.

4. చేతులు ఊరికే పెట్టుకోవడమూ వాయించడమే

'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్' మొదట్లో కీబోర్డు ఒక శ్రుతిని పరిచి ఉంచుతుంది. గిటారు మీద ఆ పేరుమోసిన నాలుగు స్వరాలు రావడానికి దాదాపు నాలుగు నిమిషాలు. కొత్తగా చేరిన వాళ్లకు ఆ నాలుగు నిమిషాలు నరకం. ఏదో ఒకటి నింపాలని వేళ్లు దురద పెడతాయి. నింపారా, చెడింది. గిటారిస్టులకైతే ఇంకా గట్టిగా చెప్పాలి: గిల్మర్ గొప్పతనం వేగంలో లేదు, ఒక స్వరాన్ని ఎంత లాగాలి, ఎక్కడ ఆపాలి అన్నదాంట్లో ఉంది. 'కంఫర్టబ్లీ నమ్' చివరి సోలోలో సొంత విద్య చూపించబోయినవాణ్ణి జనం క్షమించరు.

5. గాయనిని బాగా చూసుకోండి

'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'లో గాయని పాడేదానికి మాటల్లేవు. 1973 జనవరిలో అబ్బీ రోడ్ స్టూడియోలో క్లేర్ టోరీ అప్పటికప్పుడు అల్లి పాడింది. ఆ పూటకు ఆమెకు ముట్టింది 30 పౌండ్లు. 2004లో ఆమె కోర్టుకెక్కింది, 2005లో రాజీ కుదిరాక పాట కట్టినవాళ్లుగా రైట్ పేరు పక్కన ఆమె పేరూ చేరింది. అలా ఒక్క పూటలో పుట్టినదాన్ని మా గాయనులు ప్రతి శనివారం, జలుబున్నా జ్వరమున్నా, స్వరం పోకుండా పాడాలి. ఫ్లాయిడ్ వాళ్లే తర్వాతి కచేరీల్లో దాన్ని ఒకరికి మించి గాయనులకు పంచారు. మేమూ ఇద్దరికి పంచుతాం. వ్యానులో ముందు సీటు, వేడినీళ్లు, తలుపు మూసుకునే గది ముందు వాళ్లకే. చప్పట్లు కూడా వాళ్లకే ఎక్కువ. గిటారిస్టు మొహం మాడ్చుకుంటాడు, పట్టించుకోకండి.

6. విగ్గు సంగతి

బీటిల్స్ బృందాలకు విగ్గు, కోటు తప్పవు. జాతర స్టేజీల మీద చిరంజీవి డూపుల్ని చూసి ఈలలు వేసినవాణ్ణి, ఆ వేషాన్ని నేను తక్కువ చేయను. ఫ్లాయిడ్‌కి ఆ బాధ లేదు. జనానికి వాళ్ల మొహాలకన్నా గుండ్రటి తెర, పొగ, లైట్లు గుర్తు. అందుకే రైట్ చోట ఓ సికింద్రాబాదీ నిలబడినా ఎవరూ నొసలు చిట్లించలేదు. డబ్బంటూ ఉంటే లైట్లకు పెట్టండి.

7. ఉద్యోగం మానకండి

డీజిల్, సౌండువాళ్ల కూలి, లైట్ల అద్దె పోగా పదిమంది పంచుకుంటే మిగిలేది తెలిసిందే. హక్కుల లెక్క కూడా చూసుకోవాలి. బ్రిటన్‌లో మామూలుగా హాలువాళ్లకు లైసెన్సు ఉంటుంది, మేం వాయించిన పాటల జాబితా హక్కుల సొమ్ము వసూలు చేసే పీఆర్ఎస్ సంస్థకు వెళ్తుంది, రాసినవాళ్లకు వాటా ముడుతుంది. ఫ్లాయిడ్ వాళ్ల ఫిల్ములు, ఆల్బమ్ అట్టల మీది బొమ్మలు తెరమీద వేయడం వేరే సంగతి, దానికి వేరే అనుమతి కావాలి. మా తెరమీది బొమ్మలు మేమే గీయించుకున్నాం.

8. అసలువాళ్లు పిలుస్తారని కూర్చోకండి

పిలిచిన సందర్భాలున్నాయి. అమెరికాలో జూడస్ ప్రీస్ట్ పాటలు పాడే ట్రిబ్యూట్ బ్యాండులోని టిమ్ ఓవెన్స్‌ను 1996లో ఆ జూడస్ ప్రీస్టే గాయకుడిగా తీసుకుంది. 2003లో పాత గాయకుడు తిరిగొచ్చాడు, ఓవెన్స్ బయటికొచ్చాడు. మనీలాలో పాడుకుంటున్న ఆర్నెల్ పినేడాను యూట్యూబులో చూసి జర్నీ బ్యాండు పిలిపించుకుంది. అడిలైడ్‌లో మొదలైన ఆస్ట్రేలియన్ పింక్ ఫ్లాయిడ్ షో వాళ్లు గిల్మర్ యాభయ్యో పుట్టినరోజు వేడుకలోనే వాయించారు. ఇవి విని మురిసిపోండి, జాతకం మాత్రం చూపించుకోకండి.

9. "సొంత పాటలెందుకు చేయలేదు?"

మా మేనల్లుడి ప్రశ్న ఇది, కాస్త వెటకారంగానే అడిగాడు. "త్యాగరాజ కీర్తన పాడేవాణ్ణి ఎప్పుడైనా అలా అడిగావట్రా?" అన్నాను. కచేరీలో అప్పటికప్పుడు అల్లే కల్పన స్వరాలుంటాయి, మీకు అదీ లేదు కదా మావయ్యా అన్నాడు. నిజమే, ఆ దెబ్బ నాకు తగిలింది. అయినా నా మాట నాదే. బీటిల్స్ 1966లో టూర్లు మానేశారు. 'సార్జెంట్ పెప్పర్' వచ్చింది 1967లో. ఆ ఆల్బమ్ పాటల్ని టికెట్ కొన్న జనం ముందు బీటిల్స్‌గా ఆ నలుగురూ ఎన్నడూ వాయించలేదు. వాటిని స్టేజీ మీద విన్నవాళ్లలో చాలామంది విన్నది మాలాంటివాళ్ల దగ్గరే. రికార్డుల్లోనే ఉండిపోవాల్సిన సంగీతాన్ని మనుషుల చేతుల్లో బతికించడం చిన్న పనని నేను ఒప్పుకోను.

10. చెవులు

మా మొదటి గిటారిస్టుకి ఇప్పుడు పగలూ రాత్రీ చెవిలో ఈల మోగుతూనే ఉంటుంది. దానికి మందు నా షాపులో లేదు. బాబూ, అమ్మాయీ, గిటారు తర్వాత కొనుక్కోవచ్చు, ముందు మంచి ఇయర్ ప్లగ్గులు కొనండి. మొదటి రిహార్సల్ నుంచే పెట్టుకోండి.