రైలుకట్ట నేర్పు పాఠములు

పుస్తకమున చదివిన విషయములు కొన్ని కంటితో చూచినగాని మనస్సునకు పట్టవు. అందుచేతనే పాఠశాలలవారు అప్పుడప్పుడు విద్యార్థులను విజ్ఞానయాత్రలకు తీసికొనిపోవుచుందురు. కోటలను, ఆలయములను, ఆనకట్టలను చూచుటకై దూరప్రాంతములకు పోవువారు పెక్కుమంది కలరు. కాని దినదినము మన యూరి ప్రక్కగా పోవు రైలుమార్గము కూడ చూడదగిన వింతయే. అందు చరిత్ర కలదు, శాస్త్రము కలదు. అంతకంటె ముఖ్యముగా, ప్రాణమును కాపాడుకొను తెలివి కలదు.

కొల్లేటిసీమలోని బాలబాలికలకు ఈ పాఠము మిక్కిలి అవసరము. కొల్లేరు కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పల్లమున నున్న మంచినీటి సరస్సు. తమ్మిలేరు, బుడమేరు మొదలగు ఏరులు తెచ్చిన నీరు దానిలో చేరి, ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పోవును. సరస్సునకు ఉత్తరముగా ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెముల మీదుగా చెన్నై-హౌరా ప్రధానమార్గము సాగుచున్నది. దక్షిణముగా గుడివాడనుండి కైకలూరు, ఆకివీడుల మీదుగా భీమవరమునకు మరియొక మార్గము కలదు. బడికి పోవుటకో, చేపల బుట్టతో సంతకు పోవుటకో, పశువులను తోలుటకో పట్టాలను దాటవలసినవారు ఈ సీమలో అనేకులు.

రైలు రాకపూర్వము ఈ ప్రాంతమున కాలువలే రహదారులు. సర్ ఆర్థరు కాటను పర్యవేక్షణమున ధవళేశ్వరము ఆనకట్ట 1847లో ప్రారంభమై 1852లో పూర్తియైనది. బెజవాడ ఆనకట్ట 1855 నాటికి సిద్ధమైనది. ఏలూరు కాలువ కృష్ణకును గోదావరికిని సంబంధము కల్పించెను. గాలి అనుకూలముగా నున్నప్పుడు తెరచాప లెత్తియు, లేనప్పుడు గట్టుపై నడచుచు మోకు పట్టి లాగియు పడవలను నడిపెడివారు. ధాన్యము, ఉప్పు, మనుష్యులు అన్నియు పడవలమీదనే పయనించెడివి.

మన దేశమున తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16వ తేదీన బొంబాయిలోని బోరిబందరునుండి ఠాణాకు 34 కిలోమీటర్ల దూరము నడచెను. దక్షిణదేశమున 1856 జూలై 1న మదరాసులోని రాయపురమునుండి వాలాజా రోడ్డునకు రైలు సాగినది. కృష్ణా గోదావరీ తీరములకు రైలు వచ్చుటకు ఇంకను ఎన్నో యేండ్లు పట్టెను. 1893 మొదలు 1896 వరకు బెజవాడకును కటకమునకును నడుమ ఈస్టుకోస్టు స్టేటు రైల్వే మార్గము నిర్మింపబడి, రాకపోకలకు తెరవబడినది. ఏలూరు, తాడేపల్లిగూడెములకు పొగబండి వచ్చినది అప్పుడే.

కాని గోదావరి యెదుట ఆ మార్గము ఆగిపోయినది. కొవ్వూరునకు చేరినవారు రాజమహేంద్రవరము పోవలెనన్న నీటిపై దాటవలసినదే. 1897 నవంబరు 11న వంతెన నిర్మాణము ప్రారంభమైనది. గ్రాన్విల్ వాల్టను అను ఇంజనీరు దానికి పర్యవేక్షకుడు. 56 ఖానాలతో సుమారు 2.7 కిలోమీటర్ల పొడవుగల ఆ వంతెనపై 1900 ఆగస్టు 30న రాకపోకలు మొదలైనవి. అప్పటి మదరాసు గవర్నరు పేరిట దానిని హేవులాకు వంతెన యనిరి. దాదాపు నూరేండ్లు సేవచేసి అది 1997లో విశ్రాంతి పొందినది. దాని చెంతనే 1974లో తెరవబడిన రోడ్డు-రైలు వంతెనయు, తరువాత వచ్చిన కమానుల వంతెనయు కలవు. తాడేపల్లిగూడెమునుండి రైలెక్కి గోదావరి గట్టునకు పోయిన విద్యార్థులు మూడు తరముల ఇంజనీరుల పనిని ఒక్కచోటనే చూడగలరు.

చరిత్ర తెలిసికొన్న పిమ్మట స్టేషనులో శాస్త్రపాఠము మొదలగును. రైలుచక్రము ఉక్కుది, పట్టాయు ఉక్కుదే. రెండు నున్నని ఉక్కు తలముల నడుమ ఒరపిడి స్వల్పము. అందుచేతనే ఒక్క ఇంజను వేల టన్నుల బరువును లాగగలుగుచున్నది. ఆ గుణమే అపాయమునకును కారణము. ఒరపిడి తక్కువ గనుక వేగముగా వచ్చు బండి వెంటనే ఆగజాలదు. గంటకు 110 కిలోమీటర్ల వేగముతో పోవు బండి సెకనునకు సుమారు 30 మీటర్లు కదలును. డ్రైవరు బ్రేకు వేసిన తరువాత అది నిలుచుటకు దాదాపు ఒక కిలోమీటరు దూరము కావలెను. మూడువందల మీటర్ల దూరమున కనబడిన బండి పది సెకన్లలో మీదికి వచ్చును. పట్టాలపై మనిషిని చూచియు డ్రైవరు చేయగలిగినది కూత వేయుటయు, బ్రేకు వేయుటయు మాత్రమే. ప్రక్కకు తప్పుకొనుట అతని చేతిలో లేదు.

ఈ కారణముననే రైలుమార్గమున ప్రతి యేర్పాటును ముందుచూపుతో చేసిరి. ఎఱ్ఱదీపము ఆగుమని చెప్పును. ఒక పసుపుదీపము తరువాతి సిగ్నలువద్ద ఆగుటకు సిద్ధపడుమనును. రెండు పసుపుదీపములు ఆ హెచ్చరికను ఇంకను ముందుగానే తెలుపును. పచ్చదీపము సాగిపొమ్మనును. పెట్టెల క్రింద బ్రేకు గొట్టమున గాలి నిండియుండును. ఆ గొట్టము ఎక్కడ తెగినను గాలి పోయి బ్రేకులు తమంత తామే పడును. పూర్వము ఒంటిమార్గములందు స్టేషనుమాస్టరు డ్రైవరునకు ఒక లోహపు గోళము ఇచ్చెడివాడు. రెండు స్టేషనులలోని యంత్రములనుండి ఒకేసారి రెండు గోళములు బయటికి రావు. కావున ఎదురెదురుగా రెండు బండ్లు ఒకే మార్గమున ప్రవేశించుట తప్పెడిది. ఎక్కడ లోపము కలిగినను బండి ఆగిపోవలెనుగాని ముందునకు పోరాదనుటయే ఈ ఏర్పాటులన్నిటి సూత్రము.

పల్లపు సీమలలో నీటివిషయమున జాగ్రత్త మరింత అవసరము. కట్టక్రింద తూములు, చిన్న వంతెనలు వరదనీరు పోవుటకే కట్టబడినవి. 1956 సెప్టెంబరులో మహబూబునగరమువద్ద వంతెన కూలి నూరుమందికి పైగా మరణించిరి. ఆ నవంబరులోనే అరియలూరువద్ద వరదకు వంతెన దెబ్బతిని మరల అట్టి ఘోరము జరిగెను. నాటి రైల్వేమంత్రి లాల్‌బహదూరు శాస్త్రి నైతికబాధ్యత వహించి పదవిని త్యజించెను. 2005 అక్టోబరు 29న నల్లగొండజిల్లా వలిగొండవద్ద వరదనీరు రైలుకట్టను కోసివేయగా డెల్టా పాసింజరు పట్టాలు తప్పి నూరుమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వానకాలపు రాత్రులలో దీపము పట్టుకొని కట్టవెంబడి నడచు కార్మికుని పని ఎంత గొప్పదో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

గేటువద్ద నేర్చుకొనవలసిన పాఠము ఇంకొకటి కలదు. 2014 జూలై 24న మెదకుజిల్లా మాసాయిపేటవద్ద కాపలాలేని గేటును దాటుచున్న బడిబస్సును రైలు ఢీకొనెను. ఉదయమున పుస్తకముల సంచులతో ఇల్లు వెడలిన చిన్నారులు పలువురు మరల ఇల్లు చేరలేదు. దేశమున పెద్దపట్టాల మార్గములపై కాపలాలేని గేట్లను 2019 జనవరి నాటికి తొలగించిరి. అయినను మూసిన గేటు క్రింద దూరువానిని ఏ కాపరియు రక్షింపలేడు. ఒక బండి పోయినంతనే పరుగెత్తువాడు, దాని చాటున రెండవ మార్గముపై వచ్చు బండిని చూడజాలడు. విద్యుత్తుతో నడచు బండ్లు పూర్వపు పొగబండ్లవలె దూరమునుండి చప్పుడుచేయవు. చెవులలో పాటల తీగలు పెట్టుకొని నడచువానికి ఆ కొద్దిపాటి చప్పుడును వినబడదు.

కావున రైలుయాత్రకు పోవు విద్యార్థులు కొన్ని నియమములను పాటింపవలెను. ఉపాధ్యాయులు ముందుగా స్టేషను అధికారుల అనుమతి పొందవలెను. బండి నిలుచువరకు అందరును ప్లాటుఫారముపై పసుపుగీతకు వెనుకనే నిలువవలెను. ఒక ప్లాటుఫారమునుండి మరియొకదానికి పైవంతెనమీదుగానే పోవలెను. పట్టాలపై నాణెములు, రాళ్ళు ఉంచరాదు. పోవు బండిపై రాయి విసరరాదు. పైనున్న తీగలలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహించును గనుక నిలిచియున్న పెట్టెలపైకి ఎక్కరాదు, తీగల దరిదాపుల గాలిపటములు ఎగురవేయరాదు. అనుమతిలేక పట్టాలపై తిరుగుట 1989 నాటి రైల్వే చట్టముప్రకారము శిక్షార్హమైన నేరము. పట్టా విరిగినట్లో, కట్ట కోతపడినట్లో కనబడినయెడల తాము సాహసము చేయక, వెంటనే గేటు కాపరికో, స్టేషనుమాస్టరునకో, 139 సంఖ్యకో తెలుపవలెను.

యాత్రనుండి తిరిగివచ్చిన విద్యార్థి తాను నేర్చినదానిని ఇంటియందు చెప్పుట ముఖ్యము. అడ్డదారియని పట్టాలు దాటు అన్నకు, గేటు ఎత్తకమునుపే బండి దూర్చు తండ్రికి, పశువులను కట్టపై మేపు తాతకు ఆ మాట చెప్పవలసినది అతడే. గేటువద్ద రెండు నిమిషములు ఆగుటవలన ఏ పనియు చెడదు. ఆ రెండు నిమిషముల ఓర్పు లేక ఇంటి దీపములు ఆరిపోయిన కుటుంబములు కలవు. ఆ సంగతి తెలిసికొని మెలగిన విద్యార్థికి యాత్ర సఫలమైనట్లే.