డీఎస్-160 ని నేను మళ్ళీ డిజైన్ చేస్తే: అమెరికా వీసా ఫామ్ నుంచి ఒక యూఎక్స్ పాఠం

ఫోన్ లో ఒక సెట్టింగ్ మూడు మెనూల లోపల దాక్కుంటేనే మనం ఊరుకోం, రివ్యూ లో మార్కులు కోసేస్తాం. ఈసారి ఫోన్ ని పక్కన పెట్టి ఒక ఫామ్ ని రివ్యూ చేద్దాం. తర్వాత దాన్ని మనమే మళ్ళీ డిజైన్ చేద్దాం.

పోయినేడాది మా అక్క డెలివరీకి అమ్మానాన్నల్ని అమెరికా పంపాల్సి వచ్చింది. డీఎస్-160 నింపే పని నా మీద పడింది. బీటెక్ చేశాడు, సాఫ్ట్ వేర్ లో ఉన్నాడు, వాడికి ఫామ్ నింపడం ఎంతసేపు అని ఇంట్లో అందరి నమ్మకం. నిజం చెప్పాలంటే నా నమ్మకం కూడా అదే.

తెలియనివాళ్ల కోసం: టూరిస్ట్, స్టూడెంట్, హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాలకి ఆన్ లైన్ లో నింపాల్సిన ఫామ్ ఇది. సబ్మిట్ చేశాక బార్ కోడ్ ఉన్న కన్ఫర్మేషన్ పేజీ వస్తుంది. మన వైపు వాళ్లు దాన్ని పట్టుకుని హైదరాబాద్ లో నానక్ రామ్ గూడ కాన్సులేట్ కి ఇంటర్వ్యూకి వెళ్తారు. సబ్మిట్ అయ్యాక ఆ ఫామ్ ని దిద్దడం కుదరదు. తప్పు దొరికితే కొత్త ఫామ్ పెట్టాలి, కొత్త నంబర్ వస్తుంది. డెలివరీ డేట్ దగ్గర పడుతుంటే ఈ ఒక్క విషయం చాలు, చేతులు వణకడానికి.

అమ్మ ఫామ్ సగానికి వచ్చేసరికి అన్నానికి పిలిచారు. తిని వచ్చేసరికి సెషన్ అయిపోయింది. సుమారు 20 నిమిషాలు ఏమీ కదపకపోతే అది మనల్ని బయటికి పంపేస్తుంది. అప్లికేషన్ ఐడీ రాసి పెట్టుకుంటే, సెక్యూరిటీ ప్రశ్నకి జవాబు చెప్పి మళ్ళీ లోపలికి వెళ్లొచ్చు. ఐడీ రాసుకోమని మొదట్లోనే స్పష్టంగా చెప్పారు. నేనే రాసుకోలేదు. యాప్ ల టర్మ్స్ అండ్ కండిషన్స్ ఎలా చదువుతానో దాన్నీ అలాగే చదివాను, అంటే స్క్రోల్ చేశాను. మళ్ళీ మొదటి నుంచి.

తప్పు నాదే. కానీ డిజైన్ నేర్చుకునేవాళ్లకి ఇక్కడొక ప్రశ్న ఉంది. యూజర్ ఒక లైను చదవకపోతే గంట పని పోతుందంటే, ఆ లైనుని ఇంకా పెద్ద అక్షరాల్లో రాయాలా, లేక అసలు ఆ లైను అవసరం లేకుండా చేయాలా?

నేను రెండోదే ఎంచుకుంటాను. ఫామ్ లో ఫోన్ నంబర్, ఈమెయిల్ ఎలాగూ అడుగుతారు, కాకపోతే చాలా పేజీల తర్వాత. వాటిని మొదటి పేజీకి తెస్తే చాలు, ఐడీ దానంతట అదే మెయిల్ కి వెళ్తుంది. కొత్త ప్రశ్న ఒక్కటి కూడా చేర్చలేదు, వరుస మాత్రమే మార్చాం. మరి టైమ్ అవుట్ ని పూర్తిగా తీసేద్దామా? వద్దు. చాలామంది ఈ ఫామ్ ని నెట్ సెంటర్ లో నింపుతారు. లేచి వెళ్లిపోయినవాళ్ల పాస్ పోర్ట్ వివరాలు స్క్రీన్ మీద అలా ఉండిపోకూడదు. అదే కారణంతో బ్రౌజర్ లోకల్ స్టోరేజ్ లో డ్రాఫ్ట్ దాచడం కూడా తప్పు. దాచేది సర్వర్ లోనే దాచాలి. వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాలైన డబ్ల్యూసీఏజీ లో కూడా దీనికో రూల్ ఉంది: టైమ్ అయిపోయే ముందు యూజర్ ని హెచ్చరించాలి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి.

ఇప్పుడు అసలు కష్టమైన గడి. పేరు.

మా అమ్మ పాస్ పోర్ట్ లో సర్ నేమ్ గడి ఖాళీ. మన దగ్గర ఇంటిపేరుని పొడి అక్షరంగా పెట్టుకునే అలవాటు వల్ల పాత పాస్ పోర్ట్ లు చాలావాటిలో ఇదే కథ. అలాంటప్పుడు పాస్ పోర్ట్ లో ఉన్న పేరు మొత్తాన్ని సర్ నేమ్ గడిలో రాసి, గివెన్ నేమ్ గడిలో ఎఫ్ఎన్‌యూ అని పెట్టాలి. ఫస్ట్ నేమ్ అన్ నోన్ అన్నమాట. అమ్మ చూసి, "అదేంట్రా, నా పేరు తెలీదని రాస్తున్నావు?" అంది. రూల్ తెలిశాక నింపడం ఒక్క నిమిషం. తెలియకపోతే ఇంటిపేరుని మనమే విడదీసి రాసేస్తాం, అది పాస్ పోర్ట్ తో కలవదు. నా డిజైన్ లో ముందు ఒక్క ప్రశ్నే ఉంటుంది: మీ పాస్ పోర్ట్ లో సర్ నేమ్ అనే చోట ఏమైనా రాసి ఉందా? లేదు అంటే మిగతాది సిస్టమ్ నింపుతుంది. రూల్ ని గుర్తుపెట్టుకోవడం కోడ్ పని, అమ్మ పని కాదు.

పాస్ పోర్ట్ నంబర్ విషయంలో ఇంకా సరదా ట్రిక్ ఉంది. ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు లైన్లు ఉంటాయి కదా, ఒక్కో దాంట్లో 44 అక్షరాలు. రెండో లైనులో మొదటి తొమ్మిది స్థానాలు పాస్ పోర్ట్ నంబర్ వి, పదోది చెక్ డిజిట్. మన నంబర్ లో ఒక అక్షరం, ఏడు అంకెలు కాబట్టి తొమ్మిదో స్థానంలో బాణం గుర్తు వస్తుంది, దాని విలువ సున్నా. అక్షరాలకి ఏ అంటే 10, బీ అంటే 11, అలా జెడ్ కి 35. వీటిని వరుసగా 7, 3, 1, మళ్ళీ 7, 3, 1 తో గుణించి, కూడి, 10 తో భాగిస్తే మిగిలేదే చెక్ డిజిట్. ఏ1234567 అనే ఉత్తుత్తి నంబర్ తీసుకోండి. 70, 3, 2, 21, 12, 5, 42, 21 కలిపితే 176. శేషం 6. ఎవరైనా కంగారులో ఏ2134567 అని కొడితే మొత్తం 178, శేషం 8. కలవలేదు, అక్కడికక్కడే పట్టుకోవచ్చు. కెమెరా అక్కర్లేదు, స్కానింగ్ అక్కర్లేదు. ఆ పది అక్షరాలు టైప్ చేయమంటే చాలు, పది లైన్ల జావాస్క్రిప్ట్ తో అయిపోతుంది. అన్ని తప్పులూ దొరుకుతాయని కాదు, మామూలుగా జరిగేవి మాత్రం చాలావరకు దొరుకుతాయి.

ఫొటో సంగతి మన ఏరియా కాబట్టి త్వరగా చెప్తాను. వాళ్లకి కావాల్సింది చదరంగా ఉన్న జేపీఈజీ, 600 నుంచి 1200 పిక్సెల్స్ లోపు, 240 కేబీ దాటకూడదు. ఇవాళ ఫోన్ లో 12 మెగాపిక్సెల్ ఫొటో అంటేనే కొన్ని ఎంబీలు. యూజర్ ని రీసైజ్ యాప్ వెతుక్కోమనడం ఎందుకు, బ్రౌజర్ లోనే క్యాన్వాస్ తో క్రాప్ చేసి సైజు తగ్గించొచ్చు. బ్యూటీ మోడ్ మాత్రం ఆపండి, ముఖాన్ని మార్చిన ఫొటోలు ఒప్పుకోరు. 2016 నవంబర్ నుంచి కళ్లద్దాలు కూడా తీసేయాలి.

ఇక డిజైనర్ చెయ్యి పెట్టకూడని చోటు. టెర్రరిస్ట్ సంస్థలో సభ్యులా, అంటువ్యాధి ఉందా లాంటి ప్రశ్నలు చూసి అమ్మ నిజంగానే భయపడింది. వీటిని తీసేయొచ్చు కదా అని నాకూ అనిపించింది. కుదరదు. అవి అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో వీసా నిరాకరించే కారణాల నుంచి వచ్చినవి. పైగా 1980 నాటి పేపర్ వర్క్ రిడక్షన్ యాక్ట్ ప్రకారం ఇలాంటి ఫామ్ లో ప్రశ్నలు మార్చాలంటే ప్రజలకి నోటీసు ఇచ్చి అనుమతి తీసుకోవాలి. కాబట్టి ప్రశ్న అలాగే ఉంటుంది, పక్కన ఒక లైను వివరణ చేరుస్తాం: ఇది అందరినీ అడిగే ప్రశ్న. "మీది ఏదైనా క్లాన్ లేదా ట్రైబ్ ఆ?" అన్న చోట నాన్న, "ఒరేయ్, గోత్రం రాయాలా?" అన్నారు. నవ్వాను గానీ, క్లాన్ అన్న మాటని గోత్రం అని అర్థం చేసుకోవడంలో ఆయన తప్పేముంది?

ఇవన్నీ కలిపి ఫిగ్మా లో ప్రోటోటైప్ చేశాను, అన్నీ ఉత్తుత్తి వివరాలతో. (ఫామ్ నింపిపెడతాం అనే తెలియని ఎక్స్ టెన్షన్ లకి మీ నిజం పాస్ పోర్ట్ ఇవ్వకండి ప్లీజ్.) బ్రిటన్ ప్రభుత్వ వెబ్ సైట్ గవ్ డాట్ యూకే వాళ్ల పద్ధతిలో ఒక పేజీకి ఒకే విషయం, ప్రతి పేజీకి ఆటో సేవ్, పైన ఆకుపచ్చ టిక్ తో "సేవ్ అయింది". చాలా గర్వంగా నాన్న చేతికి ఫోన్ ఇచ్చాను.

నాలుగు పేజీలు నింపి ఫోన్ బల్ల మీద పెట్టేశారు.

"అయిపోయిందా నాన్నా?"

"ఆకుపచ్చ టిక్ వచ్చిందిగా. వెళ్లిపోయింది."

యూపీఐ లో డబ్బులు పంపితే వచ్చే టిక్ అది. ఆయన ఫోన్ లో ఆకుపచ్చ టిక్ కి ఉన్న అర్థం అదొక్కటే. టిక్ తీసేసి, "ఇక్కడిదాకా దాచాం, ఇంకా పంపలేదు, 9 భాగాలు మిగిలాయి" అని రాశాను. రెండోసారి ఫోన్ బల్ల మీద పెట్టకుండా చివరిదాకా వెళ్లారు, గోత్రం దగ్గర మాత్రం మళ్ళీ ఒకసారి ఆగారు.