మేడ్చల్, శామీర్‌పేట పిల్లలకు వేసవిలో భూగోళ పాఠాలు ఎక్కడ?

భూగోళం పేరుతో ప్రత్యేక ప్రదర్శనశాల మేడ్చల్, శామీర్‌పేటల్లో వెతకడం కంటే హైదరాబాద్ నగరంలోని బిర్లా సైన్స్ సెంటర్‌తో మొదలుపెట్టడం మేలు. అక్కడి ప్లానెటేరియం 1985 నాటిది. మ్యూజియంలోని కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ప్రాణహిత–గోదావరి లోయలో, యామన్‌పల్లి దగ్గర దొరికిన శిలాజాలతో నిలబెట్టినది. ఆ లోయలోని రాళ్లు ఎంత పాతవో చెప్పడానికి అదొక్కటి చాలు. సునామీ హెచ్చరికలు జారీచేసే ఇన్‌కాయిస్ మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనే, ప్రగతినగర్‌లో ఉంది. అది మ్యూజియం కాదు, పనిచేసే కార్యాలయం; బడి తరఫున ముందే అనుమతి అడగాలి.

అన్నిటికన్నా మంచి వర్క్‌షాప్‌కు మాత్రం టికెట్ అక్కర్లేదు. మే 9, 10 తేదీల్లో మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాల ప్రాంతంలో ఇక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. చదునైన డాబా మీద మీటరు పొడవు పైపును తూకం దారంతో నిటారుగా నిలబెడితే, నీడ క్రమంగా కుంచించుకుపోయి పైపు మొదట్లోకి చేరి మాయమవుతుంది. ఆదిలాబాద్ దాదాపు ఇదే రేఖాంశం మీద, సుమారు 230 కిలోమీటర్లు ఉత్తరాన ఉంది. అదే సమయంలో అక్కడ మీటరు పైపుకు మూడున్నర సెంటీమీటర్ల నీడ పడుతుంది, అంటే రెండు డిగ్రీల కోణం. రెండు డిగ్రీలకు 230 కిలోమీటర్లయితే 360 డిగ్రీలకు ఎంతో లెక్కకడితే భూమి చుట్టుకొలత, సుమారు 40 వేల కిలోమీటర్లు, ఇంచుమించుగా వచ్చేస్తుంది. ప్రాచీన గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ఈజిప్టులో వాడిన పద్ధతి ఇదే. ఆదిలాబాద్‌లో కొలిచే బంధువు ఉండాలి, ఆ పూట మబ్బు పట్టకూడదు.