ట్రామడాల్: మామూలు మోతాదులోనూ ఫిట్స్ వస్తాయా?

అరుదుగానైనా వస్తాయి. పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి. అది దాటితే ముప్పు పెరుగుతుంది. మూర్ఛవ్యాధి ఉన్నవారికి, ఫ్లూఆక్సెటిన్ వంటి డిప్రెషన్ మందులు వాడేవారికి పరిమితిలోనూ భయమే. ఈ నొప్పి మందు నల్లమందు జాతిదే అయినా, మెదడులో సెరటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్‌ల మీదా పనిచేస్తుంది. మార్ఫిన్‌తో తేడా అక్కడే.

తయారుచేసింది జర్మనీ కంపెనీ గ్రునెంథాల్. మన దేశంలో షెడ్యూల్ హెచ్1 మందు: హైదరాబాద్‌లోనైనా, జమ్మికుంటలోనైనా డాక్టరు చీటీ ఉండాలి, షాపువాళ్లు అమ్మకం వివరాలు రిజిస్టరులో రాసి 3 ఏళ్లు ఉంచాలి. ఎన్‌డీపీఎస్ అనే మాదకద్రవ్యాల చట్టం 1985 నాటిది. ట్రామడాల్ అందులో చేరింది మాత్రం 2018 ఏప్రిల్‌లో. చాలామంది తికమకపడేది ఇక్కడే.

మోతాదు మించినప్పుడు ఇచ్చే నలాక్సోన్ ఊపిరి నిలబెడుతుంది గానీ ఫిట్స్ ఆపదు, ఒక్కోసారి ఆ ముప్పును పెంచుతుంది కూడా.