పెన్సిల్ పడిన పగులు

చిరంజీవి అల్లుడికి, లింగంపల్లి నుంచి మామ ఆశీస్సులు.

పాపకు చదువుకునే బల్ల నా చేతులతో నేనే చేస్తా మామా అని మొన్న నువ్వు ఫోనులో అన్నావు. ఫోను పెట్టేశాక చాలాసేపు నాకు మాట రాలేదు. మోకాళ్లు మొరాయించి జహీరాబాద్ వదిలి కొడుకు దగ్గరికి వచ్చేటప్పుడు షెడ్డు తాళంచెవి నీ చేతిలో పెట్టాను. ఆ షెడ్డును ఎవరైనా మళ్లీ తీస్తారన్న ఆశ మాత్రం పెట్టుకోలేదు. ఫోనులో చెబితే సగం నువ్వు మరిచిపోతావు, సగం నేను మరిచిపోతాను. అందుకే రాస్తున్నాను. ఈ కాగితాలు షెడ్డులో గోడకు గుచ్చి పెట్టుకో.

ముందు ఒక పాత మాట. నువ్వు ఏడో తరగతిలో ఉన్నప్పుడు నీకొక బల్ల చేసిచ్చాను. వేపచెక్క. శ్రావణంలో చేశాను. వైశాఖం వచ్చేసరికి పైపలక నడిమిట్ల పగిలింది. పెన్సిల్ పెడితే దొర్లుకుంటూ వచ్చి ఆ పగులులో పడేది. నువ్వు బల్ల కిందికి దూరి వెతుక్కునేవాడివి. ఎందుకు పగిలింది మామా అని అడిగితే చెక్క మంచిది కాదని చెప్పాను. అది అబద్ధం. చెక్క మంచిదే, తప్పు నాది. వానల్లో ఉబ్బి ఉన్న పలకను చుట్టూరా మేకులు కొట్టి, గమ్ము పెట్టి, కదలకుండా బిగించేశాను. ఎండలు ముదిరాక అది ముడుచుకోవాలని చూసింది. నేను దానికి చోటు వదల్లేదు. ముప్పై ఏళ్లుగా నీకు బాకీ ఉన్న మాట ఇది. ఇప్పుడు నీ బిడ్డకు నువ్వు బల్ల చేస్తున్నావు కాబట్టి చెప్పి తీరాలి.

మన దగ్గర ఎర్రనేలా ఉంది, నల్లరేగడీ ఉంది. ఎండాకాలం నల్లరేగడి చేనులో చెయ్యి పట్టేంత నెర్రెలు చూసినవాడివి. రెండు వానలు పడగానే అవే నెర్రెలు మూసుకుపోతాయి. చెక్క కూడా అంతే. కొట్టి ఎన్నేళ్లయినా గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. పొడుగున దాదాపు ఏమీ మారదు. మారేదంతా వెడల్పునే. రెండడుగుల వెడల్పు టేకు పలకకు వానాకాలం నుంచి నడి వేసవికి ఒకటి రెండు సూతుల తేడా రావచ్చు. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు అని నీకు తెలుసు. చూడ్డానికి అది చిన్న లెక్కే. అయినా ఆ కదలికను మేకుతో ఆపబోతే మేకు వంగుతుంది, లేదంటే పలక చీలుతుంది.

మన పెద్దలకు ఇది బాగా తెలుసు. సంక్రాంతికి పస్తాపూర్ వైపు పాత పంటల జాతర ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి కదా, ఈసారి బండి వస్తే గింజల బుట్టలతో పాటు చక్రాన్ని కూడా చూడు. తుమ్మచెక్క ఆకులు నడిమి దిమ్మలోకి ఎట్లా దిగాయో చూడు. గమ్ము చుక్క ఉండదు. ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి నీళ్లు పోస్తే, అది ముడుచుకుని చక్రాన్ని మొత్తం బిగపడుతుంది. ఎండాకాలం చెక్క ఎండి చక్రం వదులైతే రైతులు దాన్ని తీసి చెరువు నీళ్లలో నానబెట్టేవాళ్లు. చెక్క ఉబ్బి మళ్లీ బిగుసుకునేది. చెక్క కదులుతుందని ఒప్పుకుని, ఆ కదలికతోనే పని చేయించుకున్న తెలివి అది.

ఇక బల్ల సంగతి. టేపు పట్టుకుని షెడ్డులోకి పోకు, ముందు పాప దగ్గరికి పో. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టు. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. చేతులు పక్కకు వదిలి మోచేయి మడవమను. మోచేయి కింది నుంచి నేల దాకా కొలువు. బల్ల ఎత్తు దానికంటే ఒక అంగుళం ఎక్కువ ఉంటే చాలు. ఇప్పుడు 26, 27 అంగుళాలు తేలుతుందేమో. కానీ నువ్వు 29 అంగుళాల బల్లే చెయ్యి. పిల్ల ఎదిగే వయసు, కోసిన కాలు మళ్లీ పొడుగు కాదు. ఆ రెండు మూడు అంగుళాల తేడాకు కుర్చీ మీద గట్టి దిండు వెయ్యి, పాదాల కింద ఒక పీట పెట్టు. ఎదిగిన కొద్దీ దిండు పోతుంది, పీట పోతుంది, బల్ల ఉంటుంది.

ఆ పీటనే మొదట చెయ్యి. బల్లలో వచ్చే అతుకులన్నీ అందులో చిన్నగా వస్తాయి. పీట వంకర పోతే నాలుగు ముక్కల చెక్కే పోతుంది.

ఇంకొకటి. పాపది ఎడమచేతి వాటం. సొరుగు ఎడమ పక్కకు రావాలి. కిటికీ కుడి పక్కన ఉండేట్టు బల్ల వెయ్యాలి. లేకపోతే రాసే చేతి నీడ అక్షరాల మీదే పడుతుంది. అన్నీ కుడిచేతి వాళ్లకే తయారైన స్కూలు బెంచీల మీద ఇన్నేళ్లు మెలికలు తిరిగి రాసింది ఆ పిల్ల. ఇంట్లోనైనా తన చేతికి సరిపోయే బల్ల ఉండాలి. నువ్వు చేయబోయే పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

చెక్క. కాళ్లకూ, వాటిని కలిపే పట్టీలకూ టేకు తీసుకో. పైపలకకు చెక్క కొనకు, దాని సంగతి చివర చెప్తాను. కాళ్లు రెండున్నర అంగుళాల చదరం, పట్టీలు మూడంగుళాల వెడల్పు, సొరుగు, పైపలకకు ఒక్క ఐదంగుళాల పట్టె, కోతలో పోయేది, అన్నీ కలిపి ఒకటింపావు ఘనపుటడుగులు సరిపోతుంది. డిపోలో సీఎఫ్‌టీ లెక్కన చెబుతారు, తడబడకు. ముక్క కొన వైపు చూడు. గుండె దగ్గరి ముదురు చెక్క గోధుమరంగులో ఉంటుంది, బెరడు పక్క చెక్క తెల్లగా ఉంటుంది. తెల్లదానికి పురుగూ చెదా తొందరగా పడతాయి, అది వద్దు.

స్క్రాప్ దుకాణాల్లో పైన్ పెట్టెల చెక్క చవకగా దొరుకుతుందని అన్నావు. సొరుగు అడుగుకు వాడుకోవచ్చు. కానీ దాని మీద ముద్ర చూసి తీసుకో. హెచ్‌టీ అని ఉంటే వేడితో పురుగు చంపినది, పరవాలేదు. ఎంబీ అని ఉంటే విషవాయువు పట్టించినది, పిల్ల చదువుకునే బల్లలోకి అది రావద్దు. ఇంటి వెనక వేపచెట్టు మీద మాత్రం చెయ్యి వెయ్యకు. 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. అనుమతి వచ్చినా పచ్చిచెక్క ఆరడానికి అంగుళం మందానికి ఏడాది పడుతుంది. ఆ చెట్టు నీడలో మీ అమ్మ కూర్చుంటుంది, అది వేరే మాట.

డిపో చెక్క ఆరిందని వాళ్లు చెప్పినా నమ్మి మొదలుపెట్టకు. ముక్కల మధ్య సన్నటి పట్టెలు పెట్టి, గాలి ఆడేట్టు పేర్చు. కొనలకు పెయింటు పూయి, ఎందుకంటే నీరు కొనల్లోంచే తొందరగా పోయి అక్కడే చీలుతుంది. ఒక చిన్న ముక్క మీద తేదీ వేసి వారానికోసారి వంటింటి తక్కెడలో తూచు. బరువు తగ్గడం ఆగిపోయిన రోజు ఆ చెక్క ఆరినట్టు. చివరి రెండు మూడు వారాలు ముక్కలన్నిటినీ పాప గదిలోనే పెట్టు. రేకుల షెడ్డు గాలి వేరు, ఆ గది గాలి వేరు.

పనిముట్లు పెట్టెలో కింది అరలో నూనెగుడ్డలో చుట్టి ఉన్నాయి. రందా, మూడు ఉలులు, గునియా, బరమా, రంపం. మొదటి ఆదివారం చెక్క ముట్టుకోకు, సానరాయితోనే గడుపు. ఉలి వెనక భాగం అద్దంలా అయ్యేదాకా రాయి మీద రుద్దు, ఆ తర్వాతే అంచు పెట్టు. ముంజేతి మీద వెంట్రుక తెగితే పదును వచ్చినట్టు. టేకులో ఇసుకలాంటి పదార్థం ఉంటుంది, పదును తొందరగా తింటుంది. గంటకోసారి రాయి దగ్గరికి పోవడానికి విసుక్కోకు. మొండి ఉలికి బలం ఎక్కువ పెడతాం, అది జారి చేతిలో దిగుతుంది.

కాలికీ పట్టీకీ అతుకు మేకుతో వద్దు, స్క్రూతో వద్దు. కాలులో బెజ్జం తొలిచి, పట్టీ కొనను కుసిగా చెక్కి అందులోకి దింపాలి. కుసి మందం పట్టీ మందంలో మూడో వంతు, అంటే మూడు సూతులు. లోతు అంగుళంపావు. ఎప్పుడూ బెజ్జమే ముందు. తొలిచిన బెజ్జాన్ని పెద్దది చేయగలవు గానీ చిన్నది చేయలేవు. కుసిని మాత్రం వెంట్రుకంత వెంట్రుకంత రందా పట్టి తగ్గించుకోవచ్చు. గీతలు పెన్సిల్‌తో కాకుండా చాకుమొనతో గియ్యి. పెన్సిల్ గీతకు మందం ఉంటుంది, ఆ గీతకు ఏ పక్క కోయాలో చెయ్యికి తెలియదు. చాకుగీతలో ఉలి అంచు దానంతట అదే కూర్చుంటుంది. కుసి ఎట్లా దిగాలంటే, అరచేత్తో నొక్కితే సగం పోవాలి, మిగతా సగానికి సుత్తె తడితే చాలాలి. దిగేటప్పుడు గాలి బయటికి పోతూ చిన్న చప్పుడు వస్తుంది. మొదటిసారి ఆ చప్పుడు విన్న రోజు నాకు ఫోను చెయ్యి.

కాళ్లకు అతుకులు ఎంత గట్టిగానైనా పెట్టు. పైపలకను మాత్రం బిగించకు. పట్టీల లోపలి ముఖానికి ఒక గాడి తియ్యి. అరచేతిలో పట్టే చెక్క బిళ్లలు ఎనిమిది చెక్కు, వాటి ముక్కు ఆ గాడిలో దూరాలి. బిళ్లను కింది నుంచి పలకకు స్క్రూ చెయ్యి, గాడిలో ముక్కు ముందు కొంచెం ఖాళీ ఉంచు. పలక వానకు ఉబ్బితే బిళ్లలు గాడిలో జరుగుతాయి, ఎండకు వెనక్కి వస్తాయి. కాళ్లకు ఆ సంగతే తెలియదు. నీ బల్లకు నేను చేయనిది ఇదే.

యంత్రాల విషయంలో పైలం. గ్రైండరుకు చెక్క కోసే బ్లేడు తగిలించే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది, నువ్వు చేయకు. కోత మిషన్ మూత తీయకు. కరెంటు పోతే ముందు ప్లగ్గు పీకు, లేకపోతే కరెంటు వచ్చినప్పుడు అది నీ చేయి పక్కనే తిరగడం మొదలుపెడుతుంది. చెక్కపొడిని తక్కువ చేసి చూడకు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల్లో చేర్చింది. నా తరం వాళ్లం తువ్వాలు కట్టుకుని సరిపెట్టుకున్నాం. నువ్వు మంచి మాస్కు కొనుక్కో. పాప షెడ్డులోకి వస్తానంటే రానివ్వు, కానీ దానికీ ఒక మాస్కు పెట్టు.

పాలిష్ ఎక్కువ మెరవాల్సిన పని లేదు. లక్క పాలిష్ అందంగానే ఉంటుంది కానీ వేడిపాల గ్లాసు పెడితే తెల్లటి మచ్చ పడుతుంది. ఉడికించిన అవిసె నూనె గుడ్డతో పలుచగా రుద్ది, పావుగంట ఆగి తుడిచెయ్యి. రోజుకొకటి చొప్పున నాలుగు పూతలు చాలు. ఆ గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకు, నూనె ఆరుతూ వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. తీగమీద విప్పి ఆరెయ్యి, లేదా నీళ్లలో ముంచు.

ఇప్పుడు పైపలక. షెడ్డు వెనక గోడకు ఆనించి, పెయింటు డబ్బాల కింద ఒక పాత బల్ల ఉంది. దాని మీద గోనె కప్పి ఉంటుంది. అది నీ బల్లే. పారేయబుద్ధి కాలేదు. దాని వేపపలకకు ముప్పై ఏళ్ల ఎండా వానా తగిలాయి. అంతకంటే ఆరిన చెక్క జహీరాబాద్‌లో ఏ డిపోలోనూ నీకు దొరకదు. మూడున్నర అడుగుల పొడుగు, ఇరవై అంగుళాల వెడల్పు. మేకులు ఒక్కొక్కటే జాగ్రత్తగా పీకు. పగులు వెంబడే పూర్తిగా కోసి రెండు పలకలు చెయ్యి. రెండు అంచులూ నిటారుగా రందా పట్టు. అంచుకు అంచు ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తే సందులోంచి గీతంత కూడా వెలుగు రాకూడదు. రెండింటి నడుమ ఆ ఐదంగుళాల టేకు పట్టె పెడితే, అంచుల్లో పోయింది పోను సరిగ్గా రెండడుగుల పలక వస్తుంది.

అతికించే పని మాత్రం ఇప్పుడే వద్దు. పుష్యంలో మన వైపు చలి నీకు తెలియనిది కాదు, వాతావరణ వార్తల్లో కోహీర్ పేరే ముందు వస్తుంది. పది డిగ్రీల లోపు చలిలో ఈ తెల్ల గమ్ము సరిగా పట్టదు, సున్నంలా పొడిబారి ఆనక ఊడిపోతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోనీ. ఆ పండక్కి మీ అత్తా నేనూ ఝరాసంగం వస్తున్నాం. సంగమేశ్వరుడి దర్శనం చేసుకుని ఆ రాత్రికి మీ ఇంట్లోనే ఉంటాం. మర్నాడు ఎండ ఎక్కాక గమ్ము పెడదాం. మూడు ముక్కలు, నాలుగు క్లాంపులు, గమ్ము ఆరేలోపు పది నిమిషాలు. ఒక్కడి వల్ల కాదు. నా మోకాళ్లు పోయాయి గానీ చేతులు బాగానే ఉన్నాయి. నువ్వు ఒక పక్క పట్టు, నేను ఒక పక్క పడతాను. క్లాంపు పాపను తిప్పమందాం, ఎడమచేత్తో.

అప్పటికి పీట అయిపోవాలి. వచ్చి దాని మీదే కూర్చుంటాను.

మీ మామ