కోడలి కొట్టు ఉద్యోగం నీ భత్యానికి అడ్డం కాదు

రాజమహేంద్రవరం

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న దీవించి రాయునది.

నీ ఫోను వచ్చిన దగ్గర్నుంచి మీ పెద్దమ్మకి నిద్ర లేదు. టీబీ అనగానే ఆవిడకి వాళ్ల చిన్నతనం నాటి భయాలన్నీ గుర్తుకొచ్చాయి. ఆరు నెలలు మానకుండా మందు మింగితే నయమయ్యే జబ్బే అని నచ్చజెప్పాను. నువ్వూ ఆ మాట గట్టిగా నమ్ము. మందు సంగతి డాక్టర్లు చూసుకుంటారు, నేను డబ్బు సంగతి రాస్తున్నాను.

ఫోనులో నువ్వు రెండు మాటలన్నావు. కోడలు బట్టల కొట్లో వారానికి మూడు పూటలు పనికి వెళ్తోంది కాబట్టి నీకు ఈఎస్‌ఐ సిక్ డబ్బులు రావని ఎవరో చెప్పారన్నావు. అందుకని ఆ పిల్లని పని మానిపించి అప్పుడు కాగితం పెడతానన్నావు. మొదటి మాట తప్పు. రెండోది అంతకంటే తప్పు. ఒక పక్క నీ జీతం ఆగిపోతే, రెండో పక్క చేతికొచ్చే రూపాయిని కూడా ఆపుకుంటావా? టైమ్ ఆఫీసులో కూర్చున్నన్నాళ్లూ మా మిల్లు కార్మికుల ఈఎస్‌ఐ కాగితాలన్నీ నా బల్ల మీదుగానే వెళ్లాయి. వాటిలో భార్య ఏం చేస్తుంది, ఎంత తెస్తుంది అని అడిగి డబ్బు ఆపినది ఒక్కటీ లేదు.

ఎందుకు అడగరో అర్థం చేసుకో. ఇది దయ తలచి ఇచ్చే సాయం కాదు, చందా కట్టినవాడికి దక్కే బీమా. నీటి తీరువా కట్టిన రైతు కాలవకి నీళ్లు అడిగితే, నీ ఇంటావిడ కుట్టుపని చేస్తుందా అని లస్కరు అడగడు కదా, ఇదీ అంతే. మన దేశంలో కార్మికులకి ఆరోగ్య బీమా ఎలా ఉండాలో అడార్కర్ అనే ప్రొఫెసరు 1944లో నివేదిక రాశాడు. దాని మీద 1948లో చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో, ఢిల్లీలో మొదలుపెట్టారు. కార్మికుడు కొంత, యజమాని కొంత ముందే కట్టుకుంటారు, జబ్బు చేసిన రోజున హక్కుగా అడుగుతారు. అప్పటినుంచీ పద్ధతి ఇదే. 2025 నవంబర్ 21 నుంచి ఆ పాత చట్టం పోయి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది, ఈఎస్‌ఐ అందులో నాలుగో అధ్యాయమైంది.

నీ జీతం చీటీ తీసి చూడు. రోజుకి 500 చొప్పున 26 రోజులకి 13,000. దాని కింద కోతల్లో ఈఎస్‌ఐ అని 98 రూపాయలు ఉంటుంది. అది నీ వాటా, జీతంలో నూటికి ముప్పావు రూపాయి. యజమాని తన చేతి నుంచి నూటికి మూడుంపావు, అంటే నెలకి 423 రూపాయలు కలుపుతాడు. 2019 జూలై నుంచి ఇవే రేట్లు. నెల జీతం 21,000 దాటనివాళ్లందరూ ఇందులోకి వస్తారు. ఆ 21,000 లెక్క నీ ఒక్కడి జీతానిదే. కోడలి జీతం దానికి కలపరు.

మరి ఈ పుకారు ఎక్కడ పుట్టిందంటావా, బియ్యం కార్డు దగ్గర. దానికి ఇంటిల్లిపాది ఆదాయం ఒక లెక్క. పల్లెలో నెలకి 10,000, పట్నంలో 12,000 దాటకూడదు. అక్కడ ఆలుమగల సంపాదన కలిపి చూస్తారు గనక, ప్రభుత్వం పేరున్న ప్రతి కాగితానికీ అదే రూలని జనం అనుకుంటారు. మీ బావమరిది ఇంగ్లాండు నుంచి ఫోను చేసి అక్కడ కూడా అంతేనన్నాడని చెప్పావు. అతను చెప్పింది సగమే. అక్కడ రెండు రకాలున్నాయి. చందాలు కట్టినవాడికి ఇచ్చే భత్యంలో భాగస్వామి జీతం చూడరు. ఇంటి ఆదాయం చూసి ఇచ్చే పాత పద్ధతి భత్యంలో మాత్రం భాగస్వామి వారానికి 24 గంటలు, ఆపైన పనిచేస్తే ఇచ్చేవారు కాదు. మన ఈఎస్‌ఐ ఆ మొదటి రకానికి చెందింది.

ఇంకో సంగతి చూడు. నీ కార్డు మీద వైద్యం పొందే కుటుంబంలో అమ్మానాన్నల్ని చేర్చాలంటే వాళ్ల ఆదాయం నెలకి 9,000 దాటకూడదని రూలుంది. భార్యకి అలాంటి షరతు ఏదీ పెట్టలేదు. కాబట్టి కోడలు సంపాదిస్తున్నా నీ కార్డు మీద వైద్యం చేయించుకోవచ్చు. ఆమె ఉద్యోగం ఎక్కడా దాచకు. దాచాల్సిన అవసరమే లేనిచోట అబద్ధం రాసి తప్పులో పడటం ఎందుకు?

ఇప్పుడు నిజంగా అడ్డం వచ్చేవేమిటో చెబుతాను, శ్రద్ధగా చదువు.

మొదటిది హాజరు. ఏడాదిని రెండుగా చీల్చారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక చందా కాలం, అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంకొకటి. ఏప్రిల్–సెప్టెంబరులో కట్టిన చందాకి ఫలితం మరుసటి జనవరి నుంచి జూన్ దాకా. అక్టోబరు–మార్చిలో కట్టినదానికి జూలై నుంచి డిసెంబరు దాకా. ఒక్కో కాలంలో కనీసం 78 రోజులకి చందా పడి ఉండాలి. నువ్వు నవంబరు నెలాఖర్న జబ్బు పడ్డావు. కాబట్టి డిసెంబరు దాకా కిందటి అక్టోబరు–మార్చి హాజరు చూస్తారు, జనవరి నుంచి మొన్నటి ఏప్రిల్–సెప్టెంబరు హాజరు చూస్తారు. మీ మేత ఫ్యాక్టరీలో చలికాలం షిఫ్టులు తగ్గిస్తారని నువ్వే ఒకసారి అన్నావు, అందుకే ఆ అక్టోబరు–మార్చి రోజులు ముందు లెక్కపెట్టుకో. చీటీలో పడ్డ రోజులు, ఈఎస్‌ఐ పోర్టల్లో యజమాని ఎక్కించిన రోజులు రెండూ సరిపోవాలి. తేడా ఉంటే ముందు ఫ్యాక్టరీ ఆఫీసులో దిద్దించు, తరవాతే కాగితం పెట్టు.

రెండోది డాక్టరు కాగితం. భీమవరంలో ప్రైవేటు ఆస్పత్రి డాక్టరు రాసిన చీటీ, ఎక్స్‌రే, కఫం పరీక్ష రిపోర్టు అన్నీ దాచుకో. కానీ డబ్బు తెచ్చిపెట్టేది ఆ చీటీ కాదు. నీ కార్డు మీదున్న ఈఎస్‌ఐ డిస్పెన్సరీ డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. మొదటిసారి ఫస్ట్ సర్టిఫికెట్, మధ్యలో ఇంటర్మీడియట్, తగ్గాక ఫైనల్. వరస తెగకూడదు. మధ్యలో పది రోజులకి కాగితం లేకపోతే ఆ పది రోజులకీ డబ్బు లేదు. వెనకటి తేదీ వేసి ఇమ్మని డాక్టర్ని బతిమాలితే ఆయనకీ ఇబ్బందే, నీకూ ఇబ్బందే. సర్టిఫికెట్‌తో పాటు ఫారం 9 నింపి ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో ఇవ్వాలి. గుర్తుపెట్టుకో, వైద్యం చూసే ఆస్పత్రులు, డిస్పెన్సరీలు ఎక్కువగా మన రాష్ట్ర ప్రభుత్వం నడుపుతుంది. డబ్బు ఇచ్చేది ఈఎస్‌ఐ కార్పొరేషన్. ఒకరి గుమ్మం దగ్గర రెండోవారి సంగతి అడిగితే అక్కడికి పో ఇక్కడికి పో అనే వినిపిస్తుంది. అందులో వాళ్ల తప్పేం లేదు.

మూడోది, జబ్బు సెలవులో ఉండి నువ్వు పనిచేయకూడదు. కోడలు పనిచేస్తే ఫర్వాలేదు, నువ్వు చేస్తేనే చిక్కు. ఒంట్లో కాస్త బాగుందని సాయంత్రం పూట మీ తమ్ముడి ఆటో తోలితే, ఆ రోజు డబ్బు పోవడమే కాదు, నీ కేసు మొత్తం మీద అనుమానం పడుతుంది. సెలవు జీతం తీసుకున్న రోజుకి కూడా ఈ భత్యం రాదు. చికిత్సలో ఉండాలి, అనుమతి లేకుండా డిస్పెన్సరీ పరిధి దాటి వెళ్లకూడదు. సంక్రాంతికి ఇక్కడికి రావాలనుకుంటే డాక్టరుకి చెప్పి రా.

ఇక ఎంతొస్తుందో చూద్దాం. ఆరు నెలల్లో 156 రోజులు పనిచేసి 78,000 తీసుకున్నావనుకో, రోజుకి సగటు 500. అందులో నూటికి 70 వంతులు, అంటే రోజుకి 350. మొదటి రెండు రోజులకి ఇవ్వరు. ఆ తరవాత కూలి రాని ఆదివారాలతో సహా లెక్క కడతారు. నెల మొత్తానికి 10,500 దాకా వస్తుంది. వరసగా వచ్చే రెండు భత్య కాలాల్లో కలిపి 91 రోజులకి ఇస్తారు, నీ లెక్కకి 31,850 రూపాయలు. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది.

91 రోజులు అయిపోయాక ఏంటని గాబరా పడకు. టీబీ మందు ఆరు నెలలు కదా. దీర్ఘకాల జబ్బులు 34 రాశారు, అందులో టీబీ ఉంది. రెండేళ్లు వరసగా ఉద్యోగంలో ఉండి, జబ్బు పడటానికి ముందటి నాలుగు చందా కాలాల్లో 156 రోజులకి చందా పడినవాడికి పొడిగించిన సిక్ బెనిఫిట్ ఇస్తారు. నువ్వు 2021లో చేరావు, నీకు ఇబ్బంది లేదు. అందులో రేటు కూడా పెరుగుతుంది, నూటికి 80. నీకు రోజుకి 400. డాక్టర్లు అవసరమంటే రెండేళ్ల దాకా పొడిగించే వీలుంది. ఇది కాక టీబీ మందు వాడే ప్రతివాళ్లకీ తిండికని నిక్షయ్ పోషణ్ కింద నెలకి 1,000 రూపాయలు వస్తాయి, 2024 నవంబరు నుంచి 500ని 1,000 చేశారు. దానికీ భార్య జీతం అడగరు. ప్రభుత్వ ఆస్పత్రిలో నీ పేరు నమోదైందో లేదో, ఖాతా నంబరు ఇచ్చారో లేదో కనుక్కో. ఆ డబ్బు గుడ్లకీ, పాలకీ, పప్పుకీ ఖర్చుపెట్టు, అప్పులకి కాదు.

ఫ్యాక్టరీలో మీ సూపర్‌వైజరు, ఇన్నాళ్లు రాకపోతే పేరు కొట్టేస్తాం అన్నాడని చెప్పావు. భత్యం తీసుకుంటున్న కాలంలో కార్మికుణ్ణి తీసెయ్యకూడదని చట్టమే చెబుతోంది. దాని మీద తగువు పెట్టుకోకు. ప్రతి సర్టిఫికెట్ నకలూ ఫ్యాక్టరీ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు రెండో కాపీ మీద సంతకం, తేదీ వేయించుకో. నోటి మాటకి ఆ కాగితమే జవాబు.

ఇప్పుడు కోడలి సంగతి. ఈ ముక్క ఆమెకి చదివి వినిపించు.

ఆ బట్టల కొట్లో పదిమందికి పైగా పనిచేస్తున్నారని విన్నాను. అలాంటి కొట్టు ఈఎస్‌ఐ కిందికి వస్తుంది. పూటపని మనిషి కూడా ఉద్యోగే. "పార్ట్‌టైమ్ కదమ్మా, నీకెందుకు" అని షావుకారు అంటే, నాకూ ఈఎస్‌ఐ నంబరు ఇప్పించండి అని మర్యాదగా అడగమను. రోజు సగటు కూలి 176 రూపాయలు దాటనివాళ్లు తమ వాటా కట్టనక్కర్లేదు, యజమాని వాటా మాత్రం కట్టి తీరాలి. కాబట్టి ఆమె జీతం నుంచి పైసా పోకుండానే హక్కు పుట్టవచ్చు.

కానీ ఒక మెలిక ఉంది. 78 రోజులన్నాను కదా. ఆరు నెలలంటే 26 వారాలు. వారానికి మూడు రోజులు లెక్క వేస్తే సరిగ్గా 78. అంటే ఆమె అంచు మీద నిలబడి ఉంది. సంక్రాంతి నాడు ఒక్కపూట కూలి లేకుండా మానేస్తే 77 అవుతుంది, ఆ ఆరు నెలల చందాకి ఫలితం పోతుంది. నీకు జబ్బు చేసిందని, తోడు కావాలని ఆమెని ఇష్టమొచ్చినప్పుడల్లా మానిపించకు. నెలకి రెండు మూడు పూటలు ఎక్కువ చేయగలిగితే చేయమను, ఏటి గట్టు మీద కొంచెం వెడల్పుంటేనే నడక భద్రం. రేపు ఆమెకి జబ్బు చేస్తే ఆ భత్యం ఆమెదే, అప్పుడు నీ జీతం ఎవరూ అడగరు.

మిగతా రోజుల్లో ఆమె నరసాపురం ఏజెంటుకి లేసు అల్లి ఇస్తుందని తెలుసు. ఆ డబ్బు కూడా నీ దరఖాస్తుకి అడ్డం రాదు. అయితే ఆ పనికి మాత్రం హాజరు పట్టీ లేదు, చందా లేదు, జబ్బు చేస్తే భత్యం లేదు. 1982లో మరియా మీస్ అనే జర్మను ఆవిడ నరసాపురం లేసు కార్మికుల మీద పుస్తకమే రాసింది. రోజులో ఎన్నో గంటలు అల్లే ఆడవాళ్లని తీరిక వేళ పని చేసుకునే గృహిణులుగా లెక్క కడుతున్నారని అందులో చూపించింది. ఆ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. అల్లే చేతులకి మాత్రం జబ్బు సెలవు రాలేదు. అందుకే కోడలికి ఆ బట్టల కొట్టు ఉద్యోగం ముఖ్యం అంటున్నాను. కూలి తక్కువైనా నంబరు వచ్చే పని అదొక్కటే.

సోమవారం పొద్దున్నే డిస్పెన్సరీకి వెళ్లు. ఆధార్, ఈఎస్‌ఐ కార్డు, బ్యాంకు పుస్తకం, రిపోర్టులు ఒక సంచిలో పెట్టుకో. ముక్కుకి, నోటికి గుడ్డ కట్టుకో. ఎవరైనా కిటికీలోంచి "మీ ఆవిడ పనిచేస్తుందా" అని అడిగితే, చేస్తుందండి అని చెప్పు. రాదంటే ఏ రూలు ప్రకారం రాదో కాగితం మీద రాసివ్వమని అడుగు. కాగితం మీద రాయమంటే చాలా అభ్యంతరాలు అక్కడే ఆగిపోతాయి. అయినా తేలకపోతే నాకు ఫోను చెయ్యి, నేను బస్సెక్కి వస్తాను.

నువ్వు ఇంట్లో ఉండి మందు మింగు. కోడల్ని కొట్టుకి వెళ్లమను.

ఇట్లు,
నీ పెదనాన్న

తా.క. ఈఎస్‌ఐ వాళ్ల ఉచిత ఫోను 1800 11 2526. భత్యం కోసం ఏడాది లోపు అడగాలని నియమం ఉంది కానీ, నువ్వు ఏడాది ఆగాల్సిన పని లేదు. ఏ వారం సర్టిఫికెట్ ఆ వారమే ఇచ్చెయ్యి.